ప్రభుత్వం పడిపోయాక వచ్చిన సోమవారం సంత

భద్రాచలం రాముడి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒట్టు చాలదనుకునే వాళ్లుంటే గోదావరిలో మోకాలి లోతు దాకా దిగి, తూర్పుకు తిరిగి, తడిసిన పంచెతో మరోసారి చెబుతాను. అంతకన్నా లోతుకు దిగను. నాకు ఈత రాదు. అదీ నిజమే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందంటే, నా మాట నమ్మే వాళ్లు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న బస్టాండ్లలో ఒక్కరూ మిగల్లేదు. కుసుమంచి పక్కన మా పల్లెలో నేను "వాన పడుతోంది" అంటే, చెయ్యి బయటపెట్టి చూసుకుని గాని ఎవరూ గొడుగు తీయరు. ఇరవై ఏడేళ్లు జూనియర్ కాలేజీల్లో సివిక్స్ చెప్పి, యాభై రెండో ఏట నా అంతట నేనే రిటైరయ్యాను. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు కొందరు ఇంటికి వచ్చి "మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి రాసివ్వండి సార్" అన్నారు. మరిచిపోలేనిది అడిగారు గాని గొప్పది అడగలేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఇది నేను చెప్పిన ఒక తప్పుడు పాఠం గురించి. పాఠం కూడా కాదు, ఒక్క వాక్యం. అది నడిచి నడిచి అడవిలోకి పోయి, ఒక గూడెం భూమినంతా మింగబోయింది.

ఎనభైల నాటి మాట. ఏన్కూరు దాటి ఇంకా ముందుకు పోతే, చేలు సన్నబడి టేకు చెట్లు ఎక్కువయ్యే చోట ఒక ఊళ్లో మా కాలేజీ ఉండేది. ఊరి పేరు చెప్పను, వాళ్లింకా అక్కడే ఉన్నారు. రేకుల కప్పు, మూడు గదులు, ఒక ప్రిన్సిపాలు, నలుగురు లెక్చరర్లు, ఒక అటెండరు. వాన పడితే రేకుల చప్పుడుకు పాఠం వినబడదు, ఎండ కాస్తే ఆ రేకుల కింద పిల్లలు వినలేరు. పాఠం సవ్యంగా సాగే రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మంచి రోజొకటి నాకు దొరికింది. దాన్నే పాడు చేసుకున్నాను.

ఇంటర్ మొదటి సంవత్సరంలో, మొదట్లోనే వచ్చే పాఠం: రాజ్యానికీ ప్రభుత్వానికీ తేడా. నిజానికి అరగంట పని. రాజ్యానికి నాలుగు ఉండాలి. జనం, భూమి, ప్రభుత్వం, పైన ఎవరికీ తలవంచని అధికారం. ఆ నాలుగింటిలో ప్రభుత్వం ఒకటి మాత్రమే. రాజ్యం తన పని చేయించుకోవడానికి పెట్టుకున్న మనుషులు ప్రభుత్వం. రాజ్యంలో మనందరం ఉంటాం, ప్రభుత్వంలో కొందరే ఉంటారు. ప్రభుత్వం ఎన్నికల్లో పోవచ్చు, మధ్యలో పడిపోవచ్చు. రాజ్యం మాత్రం అక్కడే ఉంటుంది. ఇంతే.

ఆ రోజు నా దగ్గర ఆ అరగంట లేదు. వేంసూరు వైపు మా మేనమామ కూతురి పెళ్లికి పోయి, రెండు రోజులు కన్ను మూయకుండా పేకాడి, వడ్ల లారీ ఎక్కి వచ్చి దిగాను. నా పీరియడు భోజనాల తర్వాత. కుర్చీలో కూర్చున్నాను, కళ్లు మూసుకున్నాను, నోట్సు చెప్పాను: "రాజ్యం అన్నా ప్రభుత్వం అన్నా ఒక్కటే. పరీక్షలో ఏది రాసినా మార్కులు వేస్తాను."

పిల్లలు ఎంతో సంతోషంగా రాసుకున్నారు. గంట కొట్టడానికి ఇంకా చాలా సమయం ఉంది. నిద్ర పోకుండా ఉండడానికి పులి కథ ఎత్తుకున్నాను. పాల్వంచ దగ్గర చివరి బస్సెక్కిన పులి కథ. కండక్టరు దానికి ఒక టికెట్టు, సీటు మీద చాపిన తోకకు అర టికెట్టు కొట్టాడనీ, చిల్లర లేదంటే అది మర్యాదగా తర్వాతి స్టేజీలో దిగిపోయిందనీ చెప్పాను. క్లాసంతా పడీ పడీ నవ్వింది.

పులి కథను ఎవరూ నమ్మలేదు. ఆ వాక్యాన్ని అందరూ నమ్మారు. కొత్త లెక్చరర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనం కష్టపడి, రంగులద్ది, తోక దాకా దిద్ది చెప్పిన అబద్ధం ఎవరికీ హాని చేయదు. బద్ధకంగా చెప్పిన అబద్ధమే నోట్సులోకి ఎక్కుతుంది.

ముందు బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. అడవిలో ఆరేడు మైళ్లు లోపల ఉన్న కోయగూడెం ఆమెది. ఆ గూడెం నుంచి ఇంటర్ దాకా వచ్చిన మొదటి మనిషి. మా ఊళ్లో హాస్టల్లో ఉండేది, శనివారం సాయంత్రం ఇంటికి పోయేది. మాట తక్కువ. నేను పాఠం మధ్యలో దగ్గితే దాన్ని కూడా రాసుకుంటుందేమో అనిపించేంత శ్రద్ధ.

ఆ వానాకాలం చివర్లో హైదరాబాదులో ప్రభుత్వం పడిపోయింది. ఎవరిది, ఎందుకు అన్నది ఈ కథకు అక్కర్లేదు. మా ఊరి హోటల్లో మూడు రోజులు రేడియో ఆపలేదు, నాలుగో రోజు బ్యాటరీలు అయిపోయి ఆగింది. తాలూకా ఆఫీసు గోడ మీద ఒక ఫోటో దించి ఇంకో ఫోటో తగిలించారు. మేకు పాతదే. నేను ఆ రోజు ఏదో సర్టిఫికెట్టు పని మీద పోయి అదంతా కళ్లారా చూశాను. నా పాఠం మొత్తం ఆ గోడ మీద ఉంది. నేను ఫోటోనే చూసి వచ్చాను.

దసరా సెలవులకు ముందు త్రైమాసిక పరీక్షలు జరిగాయి. ఒక శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. దిద్దినవి దిద్దినట్టు కట్టలు కడుతూ అటెండరు కింద కూర్చున్నాడు. ఈయన నాకన్నా పదేళ్లు పెద్ద. బొగ్గు బాయిలో చాలా ఏళ్లు తట్ట మోసి, నడుం పట్టేసి, మా కాలేజీలో గంట కొట్టే పనికి వచ్చాడు. చదివింది ఏడో తరగతి. దాంతోనే మా నలుగురి చదువుకూ పరీక్ష పెట్టేవాడు. కట్టలు కట్టేటప్పుడు పిల్లలు రాసింది చదివి నవ్వుకోవడం ఆయనకు అలవాటు.

ప్రశ్న పత్రం జిల్లా అంతటికీ ఒక్కటే అచ్చయి వచ్చేది. అందులో రెండో ప్రశ్న నా ఖర్మకు ఇదే: రాజ్యమునకు, ప్రభుత్వమునకు గల భేదములను వివరింపుము. మా పిల్లలంతా నా వాక్యాన్నే రకరకాల చేతిరాతల్లో రాశారు. మాట ఇచ్చాను కాబట్టి మార్కులు వేసుకుంటూ పోయాను. ఆ అమ్మాయి మాత్రం పేజీ నిండా రాసింది. మొదటి వాక్యం నాదే కావడంతో మిగతాది చదవకుండానే పదికి పది వేసి కింద పడేశాను.

కాసేపటికి అటెండరు తల ఎత్తాడు.

"సార్, గీ కోయపిల్ల పేపరు సదివిండ్రా, ఒట్టిగనే ఏసిండ్రా?"

"చదివిన."

"ఏం రాసింది?"

"నేను చెప్పిందే రాసింది."

"అవ్, మీరు జెప్పిందే రాసింది. గందుకే నాకు బుగులైతుంది. ఇనుండ్రి." ఆయన పేపరు కిటికీ వైపు పట్టుకుని, వేలు పెట్టి చదివాడు.

"రాజ్యము, ప్రభుత్వము ఒక్కటే. కనుక ప్రభుత్వము పడిపోయినచో రాజ్యము కూడా పోవును. అది ఇచ్చిన కాగితములు చెల్లవు. ఉదాహరణ: మూడేండ్ల క్రితము మా గూడెము వారికి ఇచ్చిన భూమి పట్టాలు. ప్రభుత్వము పడిపోయినందున అవి చెల్లవని కమీషన్ వ్యాపారి గారు చెప్పినారు. మా తాత నన్ను అడుగగా, మా సారు నోట్సులో కూడా అట్లే ఉన్నదని చెప్పితిని. కావున వచ్చే సోమవారము సంతలో పట్టాలన్నియు వారికి ఇచ్చివేసి, కొత్త కాగితముల మీద మావారు వేలిముద్రలు వేయుదురు."

పాఠం ఏదైనా సరే, జవాబులో సొంత ఊరి నుంచి ఒక ఉదాహరణ రాస్తే మంచి మార్కులు వస్తాయని క్లాసులో చెప్పిన వాణ్ని కూడా నేనే.

"పదికి పది," అన్నాడు అటెండరు, ఎర్ర సిరా వైపు చూస్తూ. "బాయిల మేం గిట్ల తప్పు జేస్తే మా నెత్తి మీదనే కప్పు కూలేది సార్. మీ పని మంచిగుంది. ఏడనో దూరంగ కూల్తది."

ఆ వ్యాపారిని మేమందరం ఎరుగుదుం. గూడేల్లో మిర్చి, పత్తి కొని పట్నంలో అమ్మే మనిషి. నవ్వు మొహం, తెల్ల బట్టలు, ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చిందో తెలుసు. ఆ గూడెం భూమి వాగు ఒడ్డున ఉంటుంది. మిర్చికి అంతకన్నా మంచి నేల ఆ చుట్టుపక్కల లేదు. ఆయన చేతిలోని కొత్త కాగితం ఎలాంటిదో ఊహించడానికి సివిక్స్ చదవక్కర్లేదు. భూమిని ఏళ్ల తరబడి కౌలుకు రాసిచ్చినట్టు ఉంటుంది. అసలు పట్టాలు ఆయన పెట్టెలోకి పోతాయి. పదకొండు ఇళ్ల వాళ్లు తమ చేలోనే కూలికి వంగుతారు. అంతా వాళ్ల ఇష్టప్రకారమే, వాళ్ల వేలిముద్రలతోనే, వాళ్ల పిల్ల చదువు సాక్షిగానే.

హాస్టలుకు పరుగెత్తాను. అమ్మాయి అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు తెల్లారక ముందే మొదలైన వాన పగలంతా కురిసింది, వాగు పొంగి గూడెం బాట మూసుకుపోయింది. మిగిలింది సోమవారమే. ప్రిన్సిపాలు ఇంటికి సెలవు చీటీ పట్టుకుని పోయాను. ఆయన భయస్తుడు. చీటీ చూసి అడిగాడు.

"కారణం ఏమని రాయాలండీ?"

"పాఠం దిద్దుకోవాలి సార్."

"ఎక్కడ?"

"సంతలో."

ఆయన తల పట్టుకున్నాడు. "మీతో అటెండరెందుకు?"

"నేను చెబితే ఎవరూ నమ్మరు సార్. పక్కన ఒక నిజమైన మనిషి ఉండాలి."

ఆ కారణం ఆయనకు వెంటనే నచ్చింది. సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దునకు వాన ఆగి వాగు తగ్గింది, నా లూనా బండి మీద ఇద్దరం బయలుదేరాం. ఎత్తు వచ్చినప్పుడల్లా అటెండరు దిగి నడిచేవాడు, నాకన్నా ముందే పైకి చేరి నా కోసం నిలబడేవాడు.

"ఏం జెప్తరు సార్ ఆళ్లకు?" అని ఒక ఎత్తు మీద అడిగాడు.

"రాజ్యానికి నాలుగు లక్షణాలుంటాయి..."

"గది జెప్పేటాల్లకు సంత లేస్తది."

మేం చేరేసరికి సంత నిండుగా ఉంది. ఎండుచేపలు, ఉప్పు, గాజులు, చీపుర్లు, తేనె. ఉప్పు బస్తాల పక్కన గూడెం మగవాళ్లు ఏడెనిమిది మంది గొంతుక్కూర్చున్నారు. మధ్యలో అమ్మాయి తాత. ఆ గూడేనికి పటేలు ఆయనే. సన్నటి మనిషి, చంకలో తువ్వాలతో కట్టిన మూట. అందులో పట్టాలు. ఇంకా ఇవ్వలేదు. నాకు ఊపిరి వచ్చింది. వ్యాపారి ఎదురుగా హోటల్లో పూరీ తింటున్నాడట, తిని వస్తానన్నాడట.

అమ్మాయి లేచి నిలబడింది. "నమస్తే సార్. ఇయ్యాల కాలేజీ లేదా సార్?"

"ఇదే కాలేజీ బిడ్డా," అన్నాను. పటేలు ముందు కూలబడ్డాను. "ఆ కాగితాలు ఇయ్యకుండ్రి. అవి చెల్లుతయి."

"ఎట్ల చెల్లుతయి? సర్కారు పడిపోయిందంట గద," అన్నాడు పటేలు.

"సర్కారు పడిపోయింది. రాజ్యం పడిపోలేదు."

"అదేడుంటది?"

"ఏది?"

"గదే, రాజ్యం. ఏడుంటది? మేం సూడలే."

"అది కంటికి కనబడదు."

పటేలు ఒకసారి అటెండరు వైపు చూశాడు, ఈయనకు ఒంట్లో బాగుందా అన్నట్టు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "కనబడంది పడిపోలేదని నీకెట్ల తెల్సు సారూ?"

ఇరవై ఏడేళ్ల సర్వీసులో నన్ను ఇంత గట్టి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దవాళ్లు కూడా హాజరు పట్టీ చూసి పోయారు. నేను మంచం కోళ్ల లెక్క ఎత్తుకున్నాను. "రాజ్యానికి నాలుగు కోళ్లుంటయి పటేలా. జనం ఒకటి, భూమి ఒకటి, సర్కారు ఒకటి..."

"మూడో కోడు ఇరిగిందంటివి. ఇగ మంచం మీద ఎవడు పంటడు?"

గూడెం వాళ్లు నవ్వారు. ఉప్పమ్మే ఆయన కూడా నవ్వాడు. అటెండరు నవ్వలేదు, హోటల్ వైపు చూస్తున్నాడు. అక్కడ వ్యాపారి చెయ్యి కడుక్కుంటున్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి తాత పక్కన కూర్చుని కోయలో మాట్లాడడం మొదలుపెట్టింది. నాకు కోయ సగమే వచ్చు. అటెండరుకు బాగా వచ్చు, నా చెవిలో చెబుతూ వచ్చాడు.

"తాతా, పెద్ద పటేలు సచ్చిపోయినంక నీకు తలపాగ గట్టేదాక ఊరికి పటేలు ఎవరు?"

"ఎవరూ లేరు. రెండు నెలలు ఒట్టిగనే ఉంది."

"ఆ రెండు నెలలు మన గూడెం, గూడెం గాకుండ పోయిందా? ఇత్తనాల పండుగ ఆగిందా?"

"ఎందుకాగుద్ది? పండుగ జేయకుండ ఎవడన్న ఇత్తు సల్లుతడా? అందరం గూడి చేసినం."

"పెద్ద పటేలు కింది గూడెమోళ్లకు వాగు నీళ్లల్ల వంతు ఇస్తనని మాటిచ్చిండు గద. నువ్వు పటేలైనంక ఆపినవా?"

పటేలు చంకలోని మూట తీశాడు. ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎట్లాపుత? ఆ మాట ఆయన సొంతది గాదు. ఆయన నోట గూడెం ఇచ్చింది. నేను ఆపితే గూడెం తప్పినట్టు అయితది."

"ఈ కాగితం గూడ గట్లనే తాతా. పడిపోయినోళ్లది గాదు. ఆళ్ల నోట ఇంకోటి ఇచ్చింది."

నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో రాజ్యానికి చాలా నిర్వచనాలున్నాయి. బోలెడు బట్టీ పట్టాను, పిల్లలతో పట్టించాను. సంతలో ఉప్పు బస్తాల పక్కన వింటే ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వ్యాపారి వచ్చాడు. వెంట కాగితాల కట్ట, సిరా డబ్బా, ఇంకా అమ్మాయి నోట్సు. పోయిన వారం గూడేనికి వచ్చినప్పుడు పదిమందికి చూపిస్తానని అడిగి పట్టుకుపోయాడట.

"ఏంది సారు, సంత జేసుకొనీకె వచ్చిండ్రా?" అన్నాడు నవ్వుతూ.

"కాగితాలు చెల్లుతయని సారు అంటుండు," అన్నాడు పటేలు.

"సారే అంటుండా?" వ్యాపారి నోట్సు తెరిచి, అందరికీ వినబడేలా చదివాడు. "'రాజ్యం అన్నా ప్రభుత్వం అన్నా ఒక్కటే.' ఇగో, తారీఖు గూడ ఏసుకుంది పిల్ల. సారు, గిది మీరు జెప్పిన మాటేనా, కాదా? ఈళ్ల ముంగట ఒక్క మాట అనుండ్రి."

చదువురాని మనుషులు ఆ పేజీ వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

నేను ఉప్పు బస్తా మీదికి ఎక్కాను. ఎండుచేపలు తూస్తున్న త్రాసు గాల్లో అలాగే ఆగిపోయింది. పాలు తాగుతున్న దూడ తల తిప్పి చూసింది. ఖమ్మం బస్సు హారన్ కొట్టబోయి మానుకుంది. "అవ్! ఆ మాట చెప్పింది నేనే!" అని గొంతెత్తి అన్నాను. "నిద్రమత్తుల చెప్పిన. తప్పు చెప్పిన. ఈ పిల్లది ఏ తప్పూ లేదు. జీతం తీసుకుని తప్పుడు పాఠం చెప్పిన మనిషి మీ ముందే నిలబడ్డడు, చూడుండ్రి!" సంత మొత్తం చప్పట్లు కొట్టింది. గాజులమ్మే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

వ్యాపారి నోట్సు మూసేశాడు. కానీ వెంటనే ఓడిపోలేదు. "సరే, నోట్సు సంగతి ఇడిచిపెట్టుండ్రి. కాగితం ఇచ్చిన సర్కారైతె లేదు గద?"

అమ్మాయి మూట విప్పి ఒక పట్టా తీసింది. "ముద్ర సదువుత తాతా, విను. తాలూకా కార్యాలయం. గంతే ఉంది. ఏ మంత్రి పేరూ లేదు. ఏ పార్టీ పేరూ లేదు."

"సంతకం ఎవరిది?" అన్నాడు పటేలు.

"తాసీల్దారుది."

"ఆయనేడున్నడు?"

"ఆయన బదిలీ అయ్యి రెండేండ్లాయె," అన్నాడు వ్యాపారి, తొందరపడి.

"ఆయన పోయినప్పుడు మా కాగితాలు పోయినయని నువ్వెందుకు జెప్పలే?" అని అడిగాడు పటేలు.

వ్యాపారి కాగితాల కట్ట సర్దుకున్నాడు. తాను కూడా ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించనట్టు మొహం పెట్టాడు. పటేలు మూట మళ్లీ కట్టి, ముడి మీద ముడి వేసి, చంకలో పెట్టుకున్నాడు.

"మిర్చి పండినంక రా," అన్నాడు. "తూకం మంచిగ జెయ్."

అంతే. కొట్లాట లేదు, అరుపుల్లేవు. వ్యాపారి సిరా డబ్బాకు మూత పెట్టుకుని "మీ మంచికే జెప్పిన" అంటూ బస్సెక్కాడు. నిజంగానే ఆ ఏడు మిర్చి కొనడానికి వచ్చాడు, కొన్నాడు, గూడెంలో కల్లు తాగాడు. మనుషులు అలా కలిసి బతుకుతారు, పాఠ్యపుస్తకాలకు ఇది అర్థం కాదు.

మర్నాడు క్లాసులో ఆ పాఠం మొదటి నుంచీ మళ్లీ చెప్పాను. గంటసేపు, కళ్లు తెరిచి. పిల్లలు చాలా నిరాశపడ్డారు, పులి రాలేదని. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ పాఠాన్ని పటేలు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టాను. రాజ్యం ఏడుంటది? ఒకడు ఢిల్లీ అనేవాడు, ఒకడు తాలూకా ఆఫీసు అనేవాడు. ఒకసారి ఒక పిల్లవాడు లేచి, "ఇచ్చిన మాట ఉన్న కాడ ఉంటది సార్" అన్నాడు. వాడికి మార్కులు ఎన్ని వేయాలో తెలియక కూర్చోమన్నాను.

మీకు నేను చెప్పగలిగింది కూడా అంతే. ప్రభుత్వాన్ని తిట్టుకోండి, దించండి, మళ్లీ ఎక్కించండి, అది మీ హక్కు. కానీ పాఠం చెప్పేటప్పుడు రెండింటినీ కలపకండి. కలిపితే కుర్చీలో ఉన్న ప్రతి వాడూ దేశమంతా తానే అనుకుంటాడు, కుర్చీ కదిలినప్పుడల్లా బీదవాడి కాగితం వణుకుతుంది. చాలా ఏళ్ల తర్వాత భద్రాచలం పోతూ ఆ దారిలో బస్సు ఆగితే దిగి చూశాను. వాగు ఒడ్డున కల్లాల్లో ఎర్రగా మిర్చి ఎండుతోంది. ఘాటుకు తుమ్ములొచ్చాయి. అంత సంతోషంగా నేనెప్పుడూ తుమ్మలేదు.

ఇక నా ఒట్టు సంగతి. పులి టికెట్టు కొనలేదని మీకు తెలుసు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. సంత జరిగింది, పటేలు ప్రశ్నలు నిజం, పెద్ద పటేలు మాట నిజం, ముద్ర నిజం, పట్టాలు నిలబడడం నిజం. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఉప్పు బస్తా ఎక్కి తప్పు ఒప్పుకున్నది.

జరిగింది ఇది. "గిది మీరు జెప్పిన మాటేనా" అని వ్యాపారి అడిగినప్పుడు చుట్టూ చూశాను. తెలిసిన మొహాలు చాలా ఉన్నాయి. పిల్లల తండ్రులు, హోటలాయన, తాలూకా ఆఫీసు బంట్రోతు. నా నోటి నుంచి వచ్చిన మాట: "నేను గట్ల చెప్పలేదు. ఆ అమ్మాయే తప్పు రాసుకుంది."

అమ్మాయి నా వైపు చూసింది. ఒక్కసారే. తర్వాత తాత వైపు తిరిగి, "అవ్ తాతా, నేనే తప్పు రాసుకున్న. సార్ మంచిగనే చెప్పిండు" అంది. ఆ మాటతో వ్యాపారి చేతిలోని నోట్సు పనికిరాకుండా పోయింది. నేను విన్న అబద్ధాలన్నిటిలో, నేను చెప్పినవి కూడా కలుపుకుని, పదకొండు ఇళ్లకు అన్నం పెట్టిన అబద్ధం అదొక్కటే. దాన్ని చెప్పిన మనిషికి అబద్ధం చెప్పే అలవాటే లేదు.

సాయంత్రం హాస్టలుకు తిరిగి వెళ్లే బస్సు కోసం ఆమె నిలబడి ఉంటే దగ్గరికి పోయాను. ఏదో గొణిగాను. "కాగితాలున్నయి గద సార్, చాలు" అంది, నాకు కష్టం కలగకూడదన్నట్టు. అటెండరు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా కథలకు నవ్వడం మాత్రం చాలా రోజులు మానేశాడు.

ఆమె ఇప్పుడు టీచరు. అడవి లోపల ఒక బడిలో పాఠాలు చెబుతోంది. నేను రాసింది ఎక్కడ అచ్చయినా తెప్పించుకుని చదువుతుందని విన్నాను. అందుకని ఈ చివరి మాట మీ కోసం కాదు, ఆమె కోసం.

అమ్మా, ఆ రోజు నువ్వు సరిగ్గానే రాసుకున్నావు. తప్పు చెప్పింది నేను.